ఉప్పు చూసే మనిషి

మా ఇద్దరి దేవుడూ ఒక్కడే,
పుట్టినరోజులే రెండు.
నాకు జనవరి ఆరు, మల్ఖాజ్‌కి ఏడు.
అర్మేనియన్ పిల్లకీ జార్జియన్ పిల్లాడికీ
అక్టోబరులో పెళ్ళయినప్పుడు
ఇదేమంత పెద్ద సంగతి అనిపించలేదు.
త్బిలిసీలో, అవ్లబారి మెట్ల కింద
రెండు పొయ్యిలు, ఒకే ఒక్క పెద్ద గిన్నె ఉన్న వంటగదిలో
ఒక రోజంటే ఎంత పొడవో
ఇప్పుడు తెలుస్తోంది.

ఐదో తేదీ రాత్రి
మా అమ్మ చెప్పినట్టే వండాను.
కిస్‌మిస్‌ల అన్నం, పాలకూర, ట్రౌట్ చేప.
అమ్మయితే అన్నంలో వెన్న వేస్తుంది. నేను నూనె వేశాను,
అతనికింకా ఉపవాసం మరి.
చేప ముట్టడు.
ముట్టడంటే, తినడని.
ముళ్ళన్నీ ఏరి నా పళ్ళెంలో పెట్టాడు,
గడియారాలు బాగుచేసేవాడిలా కళ్ళు చికిలించి.
మా నాన్న ఇరవై ఏడేళ్ళలో
అమ్మకి ఒక్క ముల్లూ తీసి పెట్టలేదు.
ఈ ముక్క ఫోన్లో చెప్పలేదు నేను.

ఆరో తేదీ నా పండగ.
చర్చికి వెళ్ళొచ్చేసరికి
అతను అక్రోట్లు దంచుతున్నాడు.
రేపటి సత్సివి ఇవాళే వండాలి,
చల్లారితేనే దానికి ఆ పేరు.
నాయనమ్మ మాక్వాలా రాసిచ్చిన కాగితంలో
కొలతలు లేవు.
టర్కీ కోడి ఎంతుంటే అంత, అక్రోట్లు దొరికినన్ని,
నీలి మెంతులు, ధనియాలు, వెల్లుల్లి,
ఎండిన బంతిరేకుల పొడి.
అడుగున ఒక్క వాక్యం మాత్రం రెండుసార్లు దిద్ది ఉంది:
"ఉప్పు వాసనతో తెలుసుకో."

"ఉప్పుకి వాసనేమిటి మల్ఖాజ్?"
"ఉపవాసంలో రుచి చూడకూడదుగా.
అరవై ఏళ్ళు అలాగే వండింది."
"బాగుండేదా?"
రోకలి ఆపాడు.
"కొన్నేళ్ళు బాగుండేది.
కొన్నేళ్ళు సముద్రం తిన్నట్టుండేది.
ఎవరం నోరు మెదిపేవాళ్ళం కాదు.
నీళ్ళ కూజా మాత్రం
బల్ల చుట్టూ తిరిగేది."

నవ్వాను. నవ్వుతూ ఉండగానే తట్టింది,
నా ఉపవాసం నిన్నటితో సరి.
నా దేవుడు పుట్టేశాడు.

గరిటె అందుకుని ఊదాను.
నాలుక మీద అక్రోటు చిక్కదనం,
వెనకాలే వెనిగర్,
ఎక్కడో దూరంగా బంతిపువ్వు.
అతను నా మొహంలోకి చూస్తున్నాడు,
గోడకంటించిన ఫలితాల్లో
తన నంబరు వెతుక్కునే కుర్రాడిలా.
"చిటికెడు తక్కువ."
వేశాడు.
"ఇంకో చిటికెడు.
నీ చిటికె కాదు, నాది."

ఏడో తేదీ మధ్యాహ్నం అత్తగారు లామారా
మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.
కూజా వైపు చెయ్యి చాచలేదు.
"ఉప్పెవరు చూశారు?"
మల్ఖాజ్ నా వైపు చూశాడు.
"అయితే వచ్చే ఏడు
ఒకరోజు ముందే మా ఇంటికి రా," అంది.
అంతే.
ఆవిడ నోట అంతకన్నా మెచ్చుకోలు
కన్నకొడుకే వినలేదట.

కొవ్వొత్తి సంగతి చెప్పడం మరిచాను.
ఐదో తేదీ రాత్రి చర్చి నుంచి
అరచెయ్యి అడ్డం పెట్టుకుని
మంటని ఇంటికి తెచ్చుకోవడం మావాళ్ళ అలవాటు.
ఆరో తేదీ రాత్రి
కిటికీలో కొవ్వొత్తి వెలిగించడం వాళ్ళది.
ఒకే మంట రెండు రాత్రులకీ సరిపోదా అని
వంతులేసుకుని కాపలా కాశాం.
తెల్లవారుజాము వంతు అతనిది.

మర్నాడు అక్రోటు డొల్లలు ఊడుస్తుంటే
మధ్యలో ఒక కాలిన అగ్గిపుల్ల.
డొల్లలతో పాటే ఎత్తి పారేశాను.
రాత్రి కొవ్వొత్తిని కిటికీలో పెడుతూ
"నిన్నటి మంటేగా?" అన్నాను.
"నిన్నటిదే," అన్నాడు,
ఉప్పు వాసన చూసిన వాళ్ళ నాయనమ్మంత
ధీమాగా.